దగ్గరి కాపలా

పదకొండు మంది ఆటగాళ్ళకి పదకొండు గళ్ళు. ఫోను తెర మీద ఒక్కొక్క గడి దగ్గర ఆగి, ఎదుటి జట్టు వాడి పేరు మీద వేలు నొక్కిపడితే కింద నుంచి చిన్న పట్టీ ఒకటి పైకి వస్తుంది. వీడికి దగ్గరగా కాపలా కాయాలా వద్దా? బంతి అందగానే మీద పడాలా, దూరంగా ఉండి కనిపెట్టాలా? టాకిలు చేస్తూ కాలు అడ్డం పెట్టేటప్పుడు గట్టిగానా, మెల్లగానా? ఆఖరిది గవర్రాజుకి అన్నిటికంటె ఇష్టమైనది. వీణ్ణి ఏ కాలి వైపు తొయ్యాలి? ప్రతి ఆటగాడికీ ఒకటి మంచి కాలు, ఒకటి చెడ్డ కాలు ఉంటాయి. చెడ్డ కాలి వైపే తిరగాల్సి వచ్చేలా దారి మూస్తే ఎంత మొనగాడైనా మామూలు మనిషైపోతాడు.

ఈ ఫుట్‌బాల్ ఆటలో ఆడేవాడు మైదానంలోకి దిగడు. అతను మేనేజరు. ముందుగా చెప్పవలసింది చెప్పి, ఈల మోగాక చూస్తూ కూచోవాలి. ఓడరేవు బొగ్గు బెర్తులో పనిచేసే ఎనిమిదిమంది కలిసి ఒక లీగు పెట్టుకున్నారు. పెట్టించింది వరహాలు. తక్కిన ఏడుగురూ గోల్స్ కొట్టేవాళ్ళని వెతుక్కుని జట్టులోకి తెచ్చుకుంటే, గవర్రాజు ఒక్కడే ఎదుటివాళ్ళ గళ్ళ ముందు ముప్పావుగంట కూచుంటాడు. రెండువందల పేజీల నోటుబుక్కులో గీతలు కొట్టి, ఎవడి చెడ్డ కాలు ఏదో రాసి పెట్టుకుంటాడు.

"నీకు గోలు కొట్టడం రాదు బావా, కొట్టనివ్వకపోడమే వొచ్చు. నీతో ఆడితే గోడతో ఆడినట్టే" అని వరహాలు ఎన్నోసార్లు అన్నాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం మూడుగంటలకి, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, మల్కాపురంలో మేడ మీద వాటాలో మంచం మీద కూచుని గవర్రాజు ఆరో గడి దగ్గర ఉండగా ఫోను మోగింది. ఆట మాయమై తెర నిండా పేరు వచ్చింది. భీమశంకరరావు. షిఫ్టు మేనేజరు.

"గవర్రాజు గారూ, భోంచేశారాండీ?"

గవర్రాజుకి బొడ్డు చుట్టూ చర్మం బిగుసుకుంది. ఏడేళ్ళ నుంచి ఈయన కింద పనిచేస్తున్నాడు. కోపంలో 'ఒరే', మామూలప్పుడు 'ఏమయ్యా', పండగ పూట 'గవర్రాజూ'. గారు అనే మాట ఈయన నోట ఓడ కెప్టెన్లకీ, కస్టమ్స్ వాళ్ళకీ తప్ప ఎవరికీ రాదు.

"అయిందండి."

"విశ్రాంతిగా ఉన్నారా? ఏం లేదండీ, గురువారం పదకొండింటికి ఎంక్వయిరీ. హెచ్చార్ మేడం కామేశ్వరి గారు కూచుంటారు. మీరు ఉన్నదే చెప్పండి. బోర్డు మీద మీకేమీ కనబళ్ళేదు. అంతే కదండీ?"

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. దాన్నే జవాబుగా తీసుకుని అవతలి మనిషి, "ఉంటానండీ, అమ్మాయి గారిని అడిగానని చెప్పండి" అని పెట్టేశాడు.

ఆట మళ్ళీ తెర మీదకి వచ్చింది. ఆరో గడి అలాగే తెరుచుకుని ఉంది. ఏం నొక్కబోయాడో అతనికి గుర్తు రాలేదు.

సింధియా జంక్షను దగ్గర మందుల దుకాణంలో కౌంటరు చూసే అతని భార్య పుష్ప నాలుగింటికి వచ్చింది. వస్తూనే తడిగుడ్డ తీసుకుని కిటికీ గట్టు తుడవడం మొదలెట్టింది. ఆ గట్టు పొద్దున్న తుడిచినా సాయంత్రానికి నల్లగా అవుతుంది. వరసకి మేనమామ కూతురు కాబట్టి ఆమె కూడా అతన్ని బావ అనే పిలుస్తుంది.

"ఏటి బావా, మొకం అలగుంది? ఓడిపోయినావా?"

"నేదు."

"మరేటి?"

"మేనేజరు ఫోన్ సేసినాడు. గారు అన్నాడు."

పుష్ప గుడ్డ పిండుతూ నవ్వింది. "అంటే మంచిదే కదేటి? ఏడేళ్ళకి నీకు గౌరవం వొచ్చినాది."

గవర్రాజు నవ్వలేదు. ఆమె స్నానానికి వెళ్ళాక నోటుబుక్కు తీశాడు. కొత్త పేజీ మీద భీమశంకరరావు అని రాశాడు. కింద నాలుగు గళ్ళు గీశాడు. దగ్గరి కాపలా: అవును. మీద పడటం: వద్దు. టాకిలు: మెల్లగా. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ మనిషికి చెడ్డ కాలు ఏదో ఏడేళ్ళలో ఎప్పుడూ కనిపించలేదు. గడి ఖాళీగా వదిలేసి పుస్తకం మంచం కిందకి తోశాడు.

మంగళవారం కంట్రోల్ రూములో ఏసీ ఎప్పటిలాగే చలిగా ఉంది. అద్దం అవతల బొగ్గు గుట్టలు, వాటి మీద తిరుగుతున్న నీళ్ళ తుంపర్లు, ఆ వెనక బెర్తులో ఓడ. ఇవతల గవర్రాజు ముందు మూడు తెరల బోర్డు. బొగ్గు మోసే బెల్టులన్నీ దాని మీద పచ్చగీతలుగా కదులుతుంటాయి. ఒక్కొక్క గీత పక్కనా చిన్న త్రికోణం. బెల్టు వెంబడే పొడుగునా ఒక తాడు కట్టి ఉంటుంది. ప్రమాదం వస్తే పక్కనున్న కూలీ ఆ తాడు లాగితే బెల్టు ఆగిపోతుంది. లాగినట్టు త్రికోణం ఎర్రగా వెలుగుతుంది. కానీ తాడు వదులైపోయినా, గాలి గట్టిగా వీచినా, ఊరికే బెల్టు ఆగిపోతుంటుంది. అప్పుడు కంట్రోల్ రూములో మౌసుతో రెండు నొక్కులు నొక్కితే తాడుకీ మోటారుకీ సంబంధం తెగిపోతుంది. ఆ తరవాత ఎవరు లాగినా బెల్టు ఆగదు. లాగినప్పుడల్లా త్రికోణం మాత్రం పసుప్పచ్చగా మిణుకుమంటుంది. దాన్ని బైపాస్ అంటారు. పెట్టినా తీసినా మిషను ఎక్కడా రాసుకోదు. మనిషే షిఫ్టు పుస్తకంలో రాయాలి.

గవర్రాజు రాయలేదు.

పోయిన బుధవారం పొద్దున్నించీ ఏడో నంబరు బెల్టు ఆరుసార్లు ఆగింది. ఆరుసార్లూ గాలే. ఆరోసారికి ఫోనులో భీమశంకరరావు, "పెట్టేయవయ్యా బైపాస్. సాయంత్రానికి ఓడ ఖాళీ అవ్వాలి" అన్నాడు. పెట్టాడు. పదకొండూ ఇరవైకి పసుపు త్రికోణం మిణుకుమంది. గాలి, అనుకున్నాడు గవర్రాజు. మళ్ళీ మిణుకుమంది. మళ్ళీ. గాలి అలా లాగదు, ఆగి ఆగి, ఆత్రంగా. అది అర్థమై చెయ్యి బెల్టు ఆపే ఎర్ర బటను మీదకి వెళ్ళేసరికి నాలుగు సెకన్లు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ నాలుగూ వేరువేరుగా కనిపిస్తాయి, నాలుగు గదుల్లా. ప్రతి గదిలోనూ తను కుర్చీలో తీరిగ్గా కూచుని ఉంటాడు.

వెనకనించి కుర్చీ కొంచెం ఒరిగింది. తల తిప్పకుండానే తెలిసింది. భీమశంకరరావు కుర్చీ వీపు మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. ఆయన రాసుకునే సెంటు వాసన గదిలో ఎప్పుడూ ముందు వస్తుంది, ఇవాళ మాత్రం మనిషే ముందొచ్చాడు.

"ఏడో నంబరుకి కొత్త తాడు వేయించానండీ. చూశారా?"

"సూసినానండి."

ఆయన చేతిలోంచి ఒక పేపరు కప్పు బల్ల మీదకి వచ్చింది. టీ. ఆయన స్వయంగా మెషిను దగ్గర పట్టుకొచ్చాడు. దాని పక్కన ఒక కాగితం, అచ్చువేసింది.

"మీ మాటలేనండి. కంగారులో మర్చిపోతారని టైపు చేయించాను. చదువుకోండి."

అందులో నాలుగు వాక్యాలున్నాయి. మూడోది: ఆ సమయంలో బోర్డు మీద నాకు ఏ సంకేతమూ కనిపించలేదు. నాలుగోది: తాడు లాగి ఉంటే బెల్టు తప్పక ఆగి ఉండేది.

"వరహాలు లాగినానంటన్నాడండి" అన్నాడు గవర్రాజు. తన గొంతు తనకే ఎవరో పక్క గదిలో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

"అంటాడు పాపం. చెయ్యి పోయినవాడు ఏదో ఒకటి అనాలి కదండీ. నడుస్తున్న బెల్టు కింద పార పెట్టడం తప్పా కాదా?" కుర్చీ ఇంకాస్త ఒరిగింది. ఆయన వంగి, చెవి దగ్గరగా, చాలా నెమ్మదిగా అన్నాడు. "బైపాస్ సంగతి నేను ఎవరితోటీ అననండీ. అది మాత్రం మీరు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. మౌసు మీద చెయ్యి ఎవరిదో ఆ పైవాడికే తెలుసు."

ఆయన వెళ్ళిపోయాక కుర్చీ దానంతట అది నిటారుగా అయింది. గవర్రాజు టీ తాగలేదు. తాగకపోతే వెనక్కి వచ్చి చూస్తాడేమోనని భయం వేసి, కప్పు తీసుకుని బాత్రూములోకి వెళ్ళి పారబోసి, ఖాళీ కప్పు మళ్ళీ బల్ల మీద పెట్టాడు. ఆ కప్పు పెడుతున్నప్పుడు తన చేతి వైపు చూసుకున్నాడు. కుడిచెయ్యి. అయిదు వేళ్ళూ ఉన్నాయి.

షిఫ్టు అయ్యేలోపు భీమశంకరరావు ఇంకో మూడుసార్లు వచ్చాడు. ఒకసారి పెన్ను మర్చిపోయానన్నాడు. ఒకసారి గాలి ఎలా ఉందన్నాడు. ఒకసారి ఏమీ అనలేదు, అద్దం దగ్గర నిలబడి ఓడని చూసి వెళ్ళాడు. ప్రతిసారీ గవర్రాజు మనసులో తన పేజీ తెరిచి చూసుకున్నాడు: దగ్గరి కాపలా. నేను ఈయన్ని కనిపెట్టి ఉన్నాను, ఏ వైపు తిరుగుతాడో చూస్తున్నాను, అనుకున్నాడు. అలా అనుకోవడంలో కొంచెం ధైర్యం ఉంది. బస్సులో ఇంటికి వస్తూ ఉండగా ఆ ధైర్యం కూడా ఎక్కడో జారిపోయింది.

ఇంట్లో ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి చొక్కా జేబులో దాచాడు. పుష్ప చొక్కా ఉతకడానికి తీస్తే చేతిలోంచి లాక్కున్నాడు.

"ఏటి దాస్తన్నావ్ బావా?"

"ఆట కాయితం."

"ఆట కాయితానికి సేతులు వొణకాలేటి?" అంది, మిగతా బట్టలు బకెట్లో వేసుకుంటూ. 

బుధవారం ఆసుపత్రికి వెళ్ళక తప్పలేదు. ఆ రోజు లీగులో అతనికీ వరహాలుకీ ఆట ఉంది. వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదని అందరూ అడుగుతారు.

మూడో అంతస్తులో వార్డు చివర మంచం. వరహాలు దిండు మీద ఫోను నిలబెట్టి, ఎడమచేతి బొటనవేలితో ఏదో తంటాలు పడుతున్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టులో, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పక్కన ఇంకో దిండు మీద ఉంది. ఆ కట్టులో మూడు వేళ్ళు లేవు. బొటనవేలూ చిటికెనవేలూ ఉన్నాయట.

"రా బావా. గోడ నడిసొచ్చింది" అన్నాడు వరహాలు.

మంచం కింద క్యారేజీ సర్దుతున్న అసిరమ్మ తలెత్తింది. వరహాలు తల్లి. యారాడ నుంచి రెండు బస్సులు మారి రోజూ వస్తుంది. గవర్రాజుని చూడగానే లేచి, అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఉప్పునీళ్ళలో నాని గరుకెక్కిన చేతులు.

"సెయ్యి పోతే పోనాది బాబూ. మడిసి మిగిలినాడు. నువ్వు మిసనాపబట్టి. బోర్డు కాడ నువ్వుండబట్టి. మావోడు సెప్పినాడు, ఇంకొకడైతే సూసుకోడు, బావ కాబట్టి సూసినాడని."

గవర్రాజు చేతులు వెనక్కి తీసుకోవాలనుకున్నాడు. తీసుకోలేదు. ఆమె వదిలేదాకా అలాగే నిలబడ్డాడు. 

"సేపల పులుసు తెచ్చినాను. రెండు మెతుకులు తినెల్లు."

"తినొచ్చినానమ్మా."

"అబద్దం" అన్నాడు వరహాలు. "పెట్టే. తినకపోతే ఆడలేడు."

తిన్నాడు.  వరహాలు అతన్ని చూస్తూ, మామూలుగా, నిన్న వాన పడిందన్నట్టు చెప్పుకొచ్చాడు.

"తాడు లాగినాను బావా. మూడుసార్లు లాగినాను. ఆగలేదు. ఎందుకాగలేదో మరి. ఆఫీసోళ్ళు నువ్వు లాగనేదు అంటన్నారు. నీకు బోర్డు మీద ఎలిగుంటది కదా?"

గవర్రాజు నోట్లో ముల్లు తగిలినట్టు వేలు పెట్టి వెతికాడు. ముల్లు లేదు.

"ఆట పెట్టు" అన్నాడు. "టైమైపోతంది."

వరహాలు ఒక క్షణం అతన్నే చూశాడు. తరవాత ఫోను వైపు తిరిగాడు. "పెడతన్నాను."

ఈ ఆట కోసం గవర్రాజు రెండు రోజుల కిందటే అంతా సిద్ధం చేశాడు. వరహాలు జట్టులో ఒకడున్నాడు, పొడుగ్గా, జుట్టు పసుపు రంగు వేసుకున్నవాడు. లీగులో ఇంకెవరూ వాడన్ని గోల్స్ కొట్టలేదు. వాడి కోసం గవర్రాజు ఇద్దరిని పెట్టాడు. ఎటు వెళ్తే అటు వాడి వెంటే వెళ్ళాలి. ఎడం కాలి వైపే తొయ్యాలి. తక్కినవాళ్ళందరికీ ఒక్కొక్క సూచన. ఎడమవైపు వెనక ఆడే ఒకడికి మాత్రం ఏమీ పెట్టలేదు. వాడు ఏడాదిలో ఒక్క గోలు కొట్టలేదు. వాడిది కాపలా పని. ఆ గడి ఖాళీ.

ఆట గడియారంలో ఎనభై నిమిషాల దాకా రెండు వైపులా సున్నా. పసుపు జుట్టువాడికి ఒక్కసారి కూడా గోలు వైపు మొహం తిప్పే సందు దొరకలేదు. గవర్రాజుకి వారం రోజుల్లో మొదటిసారి ఊపిరి కడుపు దాకా వెళ్ళింది. మూసిన తలుపుల మధ్య ఉన్నట్టు, అన్ని గడియలూ తనే పెట్టినట్టు.

వరహాలు ఎడమ బొటనవేలితో మెల్లగా ఏదో మార్చాడు. పసుపు జుట్టువాడు ముందుకు పరుగెత్తడం మానేసి, తాపీగా కుడిపక్కకి, మైదానం అంచు దాకా నడిచి వెళ్ళిపోయాడు. బంతి వాడి దగ్గర లేదు. వాడి వెనకే గవర్రాజు మనుషులిద్దరూ వెళ్ళారు. అలా వెళ్ళమని అతనే చెప్పాడు. మధ్యలో గోలు ముందు గది తుడిచినట్టు ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి వెనక నుంచి ఆ పేరులేనివాడు, ఏడాదిలో గోలు కొట్టనివాడు, ఎవరూ ఆపకుండా నడుచుకుంటూ వచ్చి గోలు కొట్టాడు.

అసిరమ్మ కూడా వంగి చూసింది. "ఎవుల్రా ఆడు?"

"ఎవుడో" అన్నాడు వరహాలు. "నాకే తెలీదు. బావ కాళీ ఒదిలేసినాడు." నవ్వబోయి, కట్టు కదిలి మొహం ముడుచుకున్నాడు. నొప్పి తగ్గాక అన్నాడు. "నువ్వు బయపడినోడి యెనకాలే పోతావు బావా. అదే నీ లోపం. నిన్నిప్పుడే కనిపెట్టినాను, మంచమ్మీద పడున్నాక."

గవర్రాజు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిది మడతల కాగితం వేళ్ళకి తగిలింది.

లేచి వెళ్తుంటే వరహాలు వెనకనించి అన్నాడు. "మేడం కాయితం పంపినాది. ఏటి జరిగిందో నీ సేతో రాసిమ్మన్నారు. ఎడం సేత్తో రాసిచ్చినాను. రెండు ముక్కలు రాసేతలికి గంట పట్టినాది. సీమలు పాకినట్టుంది."

"ఏటి రాసినావు?"

"ఉన్నదే."

వార్డు బయట మెట్ల దగ్గర గవర్రాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు అతన్ని తప్పుకుని వెళ్తున్నారు. పెన్ను మర్చిపోయానన్న మనిషి, గాలి సంగతి అడిగిన మనిషి, కుర్చీ మీద వేసిన రెండు చేతులు, టీ, గారు. వాటన్నిటినీ వరసగా పెట్టి చూస్తే అవి అతనికి బాగా తెలిసిన నాలుగు గళ్ళు. దగ్గరి కాపలా. మీద పడటం. మెల్లగా టాకిలు. చెడ్డ కాలి వైపు తొయ్యడం. పేజీ మీద పేరు మాత్రం భీమశంకరరావుది కాదు. అతను నిన్నంతా కాపలా కాశాననుకున్నాడు. కాపలా తన మీద ఉంది. తన చెడ్డ కాలు ఏదో ఆయనకి ఏడేళ్ళుగా తెలుసు.

ఇది తెలిసినందువల్ల భయం పోలేదు. దానికి ఆకారం వచ్చింది, అంతే. ఆకారం లేనప్పుడే నయమనిపించింది.

గురువారం పదకొండింటికి పరిపాలన భవనంలో చిన్న గది. పొడుగు బల్లకి ఒక పక్క కామేశ్వరి, నలభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని ఫైలు తిప్పుతోంది. ఆమె పక్కన భీమశంకరరావు. ఎదురుగా గవర్రాజు, కుర్చీ అంచు మీద. బల్ల మీద నాలుగు నీళ్ళ సీసాలున్నాయి. ఎవరూ తెరవలేదు.

అచ్చువేసిన కాగితం ఆమె ఫైలులో కూడా ఒకటి ఉంది. చదివి వినిపించింది. "ఇవి మీ మాటలేనా?"

గవర్రాజు బల్ల వైపు చూశాడు. పొద్దున్న పుష్ప టిఫిను పెడుతూ, "ఎల్లిరా బావా" అన్నది మాత్రమే గుర్తొచ్చింది.  ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో, పోలీసులు వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో ఆలోచించి ఆలోచించి, ఆ ఆలోచనల అడుగున నేల తగలక, తెల్లారేదాకా మంచం మీద చెమటలో పడున్నాడు. ఔనండి, అంటే అయిపోతుంది. ఒక్క మాట.

"ఆయన కొంచెం మొహమాటస్థుడండీ" అన్నాడు భీమశంకరరావు. "గవర్రాజు గారూ, పరవాలేదు, ఔనని చెప్పండి."

"ఒక్క నిమిషం" అంది కామేశ్వరి. ఫైలులోంచి ఇంకో కాగితం తీసింది. గీతల కాగితం మీద అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పక్కలకి ఒరిగిపోతూ ఉన్నాయి. "ఇది వరహాలు రాసింది. సరిగ్గా తెలియడం లేదు." కళ్ళద్దాలు పైకి తోసుకుని, కూడబలుక్కుంటూ చదివింది. "నాను తాడు లాగినాను. బావకి తెలుసు." తలెత్తింది. "అంతే ఉంది. ఎవరీ బావ?"

గవర్రాజుకి చెవుల్లో ఏసీ చప్పుడు పెద్దదైంది. ఎడం చేత్తో గంటసేపు రాసిన రెండు ముక్కలు. అందులో నింద లేదు. నమ్మకం ఉంది. ఈ గదిలోకి వచ్చే ప్రతి దారికీ అతను నాలుగు రోజులుగా మనిషిని పెట్టాడు. ఇటు నుంచి ఎవరూ రారనుకున్నాడు.

భీమశంకరరావు నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి.

"అదేం లేదండీ మేడం. వాళ్ళ ఇంట్లో అక్క మొగుడో ఎవరో అయి ఉంటాడు. లేదూ, ఈ వైపు వాళ్ళకి అందరూ బావలేనండి. బస్సు కండక్టరూ బావే, టీ కొట్టువాడూ బావే. మా గోదావరి వైపు బావంటే బావేనండీ, ఇక్కడ ఆ మాటకి అర్థం లేదు. దాన్ని రికార్డులో ఏమని రాస్తాం? కొట్టెయ్యండి."

కామేశ్వరి పెన్ను మూత తీసింది. ఆమెకి కూడా అది సబబుగానే తోచినట్టుంది. బావకి తెలుసు అన్న ముక్క మొదటి అక్షరం మీద పెన్ను మొన పెట్టింది.

అర్థం లేని మాట. పుష్ప పొద్దున్న ఆ మాటే అంది. ఎనిమిదిమంది లీగులో ఎనిమిదిమందీ ఆ మాటే. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. ఊరికే కూచుంటే చాలు, ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది.   

"నానేనండి" అన్నాడు.

పెన్ను ఆగింది.

"ఏమన్నారు?"

"ఆ బావని నానేనండి."  సీసా మూత తిప్పబోయాడు, తిరగలేదు. వదిలేశాడు. "తాడు లాగినాడండి. మూడుసార్లు. బోర్డు మీద పసుపుగా ఎలిగినాది. నాను సూసినాను. గాలనుకున్నాను. నాలుగు సెకన్లు గాలనుకున్నాను."

"పసుపా?" అంది కామేశ్వరి. ఆమె ఫైలు పక్కకి జరిపి తెల్లకాగితం ముందుకి లాక్కుంది. "తాడు లాగితే ఎర్రగా కదా వెలగాలి?"

"బైపాస్‌లో ఉంటే పసుపండి. బైపాస్ పెట్టింది నానే. పుస్తకంలో రాయనేదు. ఈయన ఫోన్లో పెట్టమన్నారు, పెట్టినాను."

కామేశ్వరి రాయడం మొదలెట్టింది. ఆమె రాస్తున్న వాక్యం చాలా పొడుగ్గా ఉన్నట్టు అతనికి తోచింది. ఉద్యోగం ఆ వాక్యంలో పోతోంది. ఇంకా ఏమేమి పోతాయో తెలీదు. భయం తగ్గుతుందేమోనని చూసుకున్నాడు. తగ్గలేదు. అది ఉన్నచోటే ఉంది, బొడ్డు చుట్టూ. కాని ఇప్పుడు అది ఎవరి వెనకా పోవడం లేదు.

భీమశంకరరావు మొహంలో నవ్వు అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టు. ఆయన రెండు చేతులూ బల్ల మీద వెతుక్కుంటున్నట్టు కదిలాయి, పట్టుకోవడానికి ఏ కుర్చీ వీపూ లేక. సీసా తీసుకుని మూత తిప్పాడు. నీళ్ళు చొక్కా మీద ఒలికాయి.

"ఒరే గవర్రాజూ" అన్నాడు. "ఏం మాట్లాడుతున్నావురా నువ్వు?"

కామేశ్వరి తలెత్తి, మొదటిసారి, ఆయన వైపు చూసింది. గవర్రాజు కూడా చూశాడు. మంచం కింద పుస్తకంలో ఆయన పేజీ మీద చెడ్డ కాలి గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇంటికి వెళ్ళాక ఆ గడిలో ఏం రాయాలో ఇప్పుడు అతనికి తెలుసు.

గారు పోయింది.